లూపు వంశచరిత్రము

నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించినదియు, ఆయన మరణానంతరము నిజాం ప్రభుత్వపు వశమై 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు చేతిలోనికి వచ్చినదియు అగు నిజామియా వేధశాల, బేగంపేటలోనుండి దశాబ్దములపాటు ప్రధానముగా ఒకే పనిని సాగించెను. 1887లో ప్యారిసునందు సమావేశమైన ఖగోళజ్ఞులు ఆకాశమునంతను ఛాయాచిత్రములలో బంధించి నక్షత్రపట్టిక కూర్ప సంకల్పించి, ఆ కార్యమును లోకమునందలి వేధశాలలకు పంచియిచ్చిరి. దక్షిణాకాశమున 17 నుండి 23 అంశల నడిమి వలయము కాలక్రమమున హైదరాబాదు వంతునకు వచ్చెను. దుర్భిణితో చిత్రించిన గాజుపలకలపై అయిదేసి మిల్లీమీటర్ల గళ్లుండును. కొలతకు కూర్చున్న ఉద్యోగి సూక్ష్మదర్శినిలో చూచుచు ఒక చుక్క అడ్డుకొలతను, నిలువుకొలతను, కాంతి తరగతిని వ్రాసికొని తరువాతి చుక్కకు పోవలెను; గడిలో చుక్కలు ముగిసినచో తరువాతి గడికి, పలకలో గళ్లు ముగిసినచో తరువాతి పలకకు. 1918 మొదలు 1944 వరకు అధ్యక్షుడుగా నుండిన టి. పి. భాస్కరన్ కాలమున ఈ పరిశ్రమ విశేషముగా సాగి, ఏడున్నర లక్షలకు మించిన నక్షత్రముల స్థానములు సంపుటములుగా అచ్చునకెక్కెను.

పలకలోపల గడి, గడిలోపల చుక్క: నేడు విద్యానగర్, తార్నాకల హాస్టలు గదులలో జావాస్క్రిప్ట్ అను కంప్యూటరు భాష నేర్చు విద్యార్థి లూపులో లూపు, అనగా ఒకే పనిని మరల మరల చేయించు వాక్యములో అట్టిదే మరియొకటి, అని వ్రాయునది సరిగా ఇదియే. ఎచట మొదలిడవలెను, ఎచట ఆపవలెను, తరువాతిది ఏది అను మూడు ప్రశ్నలకు ఆ ఉద్యోగి కన్నును వ్రేలును సమాధానము చెప్పుచుండగా, నాలుగవదియు ముఖ్యమైనదియు అగు పని, అనగా కొలుచుట, వాటితో పెనవేసికొని యుండెను. లూపు చరిత్రమంతయు ఆ మూడు ప్రశ్నలను ఈ నాలుగవ దానినుండి విడదీయుటకు మానవుడు చేసిన ప్రయత్నమని నా అభిప్రాయము.

అందు తొలిమెట్టు 1843 నాటిది. చార్లెస్ బాబేజ్ తలపోసియు నిర్మింపజాలక పోయిన విశ్లేషణ యంత్రమును గూర్చి వ్రాసిన టిప్పణములలో ఏడా లవ్‌లేస్, బెర్నూలీ సంఖ్యలను గణించు క్రమమును పట్టికగా వేసి, అందలి కొన్ని క్రియలు మరల మరల జరుగవలెనని సూచించెను. యంత్రము లేకుండగనే లూపు కాగితముపై జన్మించినది. శతాబ్దము గడచి నిజముగా పనిచేయు కంప్యూటర్లు వచ్చినపుడు దాని స్వరూపము మిక్కిలి మోటుగా నుండెను: ఒక సంఖ్యనుండి ఒకటి తీసివేయుము, సున్న అయినదా చూడుము, కాకున్న వెనుకకు దూకుము. హైదరాబాదున 1967లో నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్. అను ఎలక్ట్రానిక్స్ సంస్థ 1970ల దశకమున మన దేశపు విద్యాలయములకును పరిశోధనశాలలకును అందించిన టి.డి.సి. యంత్రముల అంతరంగమున సాగినదియు ఈ దూకుటయే. 1957 నాటి ఫోర్‌ట్రాన్ భాషలోని ‘డూ’ వాక్యము దీనికి మర్యాదగల రూపమొసగెను. ఆల్గాల్ మీదుగా సాగి సి భాషలో మూడు భాగముల ‘ఫర్’ వాక్యమై ఆ రూపము స్థిరపడెను.

ఇది ఒక వంశము. రెండవ వంశమునకు మూలపురుషుడు జాన్ మెకార్తీ. ఆయన 1960లో ప్రకటించిన లిస్ప్ భాషలో, ఒక పనిని చేయు ఆదేశముల కట్టయగు ఫంక్షన్‌ను జాబితాతోపాటు మరియొక ఫంక్షన్ చేతికిచ్చినచో అది జాబితా పొడవునను దానిని ప్రయోగించి క్రొత్త జాబితాను తెచ్చియిచ్చును. లెక్కపెట్టు బాధ్యత వ్రాయువానిది కాదు. మన చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించి, గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, తరువాత 1994లో ట్యూరింగ్ పురస్కారము నందుకొన్న దబ్బాల రాజగోపాలరెడ్డి, అనగా రాజ్ రెడ్డి, స్టాన్‌ఫర్డ్‌లో 1966లో డాక్టరేటు పొందినది ఈ మెకార్తీకి శిష్యుడుగానే. ఆ విద్యాపరంపర ఒక తెలుగువాని దాక ప్రవహించినదని తలచినపుడు నాకు సంతోషము కలుగును.

ఈ రెండు వంశములకు వియ్యము కుదిరినది 1995 మే మాసమున. నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది దినములలో తొలిరూపము కూర్చిన జావాస్క్రిప్ట్ భాష, వాక్యముల వేషమును సి, జావాల నుండి తెచ్చుకొన్నది. ఫంక్షన్‌ను సంఖ్యవలెనే చేతులు మార్చగల స్వేచ్ఛను లిస్ప్ సంతతియగు స్కీమ్ నుండి తెచ్చుకొన్నది. అయినను తొలి పదేండ్లు ‘ఫర్’ దే రాజ్యము.

దానిని దగ్గరగా పరికింతము. అయిదు నక్షత్రముల కాంతి తరగతులు 9, 11, 8, 12, 10 అని అర్రే అనబడు ఒక వరుసజాబితాలో నున్నవనుకొందము. ‘ఫర్’ వ్రాయువాడు ఐ అను గుర్తును సున్నతో మొదలుపెట్టి, అది అయిదుకంటె తక్కువగా నున్నంతవరకు ఒక్కొక్కటి పెంచుచు, ఐ స్థానమునందలి అంకెను తీసికొనును. స్థానములు సున్ననుండి నాలుగు వరకే గనుక, ‘తక్కువ’ అనవలసినచోట ‘తక్కువ లేక సమానము’ అని వ్రాసినచో లేని ఆరవ నక్షత్రమునకై చేయి చాచి ‘అన్‌డిఫైన్డ్’ అను శూన్యమును పట్టుకొనును. కంప్యూటరు ఆక్షేపింపదు. మొత్తము మాత్రము చెడును.

2005 నవంబరులో వెలువడిన ఫైర్‌ఫాక్స్ 1.5 బ్రౌజరుతో రెండవ వంశపు సంపద, అర్రేలపై పిలువదగిన ఫంక్షన్లగు మెథడ్‌ల రూపమున, అర్రేలకు సంక్రమింప నారంభించెను: ఫర్‌ఈచ్, మ్యాప్, ఫిల్టర్, సమ్, ఎవ్రీ. రెడ్యూస్ 2008లో చేరెను. జావాస్క్రిప్ట్ నియమావళియగు ఎక్మాస్క్రిప్ట్ యొక్క 2009 డిసెంబరు నాటి అయిదవ కూర్పు వీటినన్నిటిని ప్రమాణముగా అంగీకరించెను. పై అయిదు అంకెలను ఫిల్టర్‌కిచ్చి, పదికి మించనివే కావలెనని చెప్పినచో 9, 8, 10 వచ్చును. మ్యాప్‌కిచ్చి, ఒక్కొక్కదానిని పండ్రెండునుండి తీసివేయుమన్నచో 3, 1, 4, 0, 2 వచ్చును. మ్యాప్‌లో ఎన్ని వేసితిమో అన్నియే తిరిగి వచ్చును. సున్నతో మొదలిడి కూడుమని రెడ్యూస్‌తో చెప్పినచో తొమ్మిది, ఇరువది, ఇరువదియెనిమిది, నలువది అని చేరుచు ఏబదియను ఒక్క సంఖ్యగా ముగియును. ఆ తొలి సున్నను చెప్ప మరచి, అర్రేయును ఖాళీదైనచో రెడ్యూస్ దోషమును ప్రకటించి ఆగిపోవును. కూడుటకేమియు లేనిచోట అది దేనిని తెచ్చియిచ్చును?

మూడు ప్రశ్నలు కనుమరుగైనవి; పని యొక్కటియే మిగిలినది. అయితే కనుమరుగగుట వేరు, లేకపోవుట వేరు. ‘10’ అను అక్షరరూపపు పదులు మూడింటిని అర్రేగా పెట్టి, వానిని సంఖ్యలుగా మార్చు పార్స్‌ఇంట్ అను ఫంక్షన్‌ను మ్యాప్‌కు నేరుగా అప్పగించినచో మూడు పదులు వచ్చునని ఎవరైనను తలంతురు. వచ్చునవి పది, ‘సంఖ్య కాదు’ అను గుర్తు, రెండు! ఏలయన మ్యాప్ తన చేతికిచ్చిన ఫంక్షన్‌కు అంశముతోపాటు దాని స్థానమును, మొత్తపు అర్రేను గూడ అందించును. పార్స్‌ఇంట్ తనకందిన రెండవదానిని సంఖ్యామానపు ఆధారముగా గ్రహించును. మొదటి స్థానము సున్న గనుక వాడుకలోని దశాంశమానమే చెల్లి పది వచ్చును. ఒకటి ఆధారముగా మానము లేదు గనుక రెండవది చెడును. మూడవచోట ఆధారము రెండు. ద్వ్యంకమానమున ఒకటి, సున్న అనగా రెండే గదా. తొలగించితిమనుకొన్న ఆ ఐ మ్యాప్‌లోపల నిలిచి లెక్కపెట్టుచునేయున్నది.

ఈ హేతువుచేతనే, ‘ఫర్’ పాతబడినదనియు తిన్నగా మ్యాప్ నేర్చిన చాలుననియు చెప్పు బోధకులతో నేను ఏకీభవింపను. విద్యార్థి తన చేతితో పది లూపులు వ్రాసి, రెండుమూడింట హద్దు తప్పి, ఆ పిమ్మట మ్యాప్‌ను తానే ‘ఫర్’తో నిర్మించి చూచెనేని, ఆ మెథడ్ అతనికి జీవితాంతము వశమగును. వాడుకలోనైనను ‘ఫర్’కు తావున్నది: ఫర్‌ఈచ్‌ను నడుమ నిలుపుటకు సక్రమమైన మార్గము లేదు, లక్ష అంశములలో మూడవదియే కావలసినదని తెలిసినను అది తుదిదాక పోయితీరును. 2015 కూర్పులోని ‘ఫర్ ఆఫ్’ ఐ బాధ లేకుండగనే నడుమ ఆగుటకు వీలిచ్చి, రెండు వంశముల గుణములను కలుపుకొన్నది.

క్రమపరచు సార్ట్ మెథడ్ సంగతియు చెప్పవలెను. మన అయిదు తరగతులను దానికి ఊరక అప్పగించినచో 10, 11, 12, 8, 9 అని పేర్చును. సంఖ్యలను అక్షరములుగా మార్చి పోల్చుట దాని స్వభావము గనుక ఒకటితో మొదలగునవి ముందునకు వచ్చినవి. అంతకంటె గొప్ప కష్టము, అది మూలపు అర్రేనే తారుమారు చేయుట. కొలిచిన వరుసయే సాక్ష్యమగు శాస్త్రకార్యములయందు ఇది సహింపరానిది. 2023లో చేరిన టుసార్టెడ్ మూలమును ముట్టక క్రొత్త వరుసను వేరుగా ఇచ్చుచున్నది.

2025 జూన్ నాటి కూర్పులో మ్యాప్, ఫిల్టర్‌లు అర్రేలను దాటి, అడిగినప్పుడెల్ల ఒక్కొక్క అంశమునిచ్చు ఇటరేటర్లకు విస్తరించినవి. అర్రేపై మ్యాప్ పిలిచినచో మొత్తము వరుస తక్షణమే తయారై కంప్యూటరు మెమరీలో చోటు గొనును. ఇటరేటర్‌పై పిలిచినచో అడిగినపుడు ఒక్కటియే తయారగును. కావున ఒకటి, రెండు, మూడు అని అంతములేక సాగు సంఖ్యల ధారను ఫిల్టర్‌తో వడగట్టి, టేక్ అను మెథడ్‌తో తొలి అయిదు చాలునన్నచో, ఆ అయిదు దొరకిన క్షణముననే గణన ఆగిపోవును, ఆరవదానికై ధారను మరల కదల్పదు.