పక్క క్వార్టర్ ర్యాంకు

కొత్తగూడెంలో బంగ్లోస్ ఏరియా ఉంది, బాబు క్యాంపు ఉంది, కూలీ లైను ఉంది. ఎవరు ఎక్కడ ఉండాలో ఒకప్పుడు సింగరేణి బొగ్గు కంపెనీయే గీత గీసింది. కూలీ లైనులో ఇప్పుడు కూలీలే ఉంటారని కాదు గానీ, సింగరేణి క్వార్టర్ ఏ టైపో చెబితే చాలు, నాన్న హోదా ఏమిటో, జీతం ఎంతో చెప్పేయగలిగినవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు. పిల్లలకు ఎక్కాలకన్నా ముందు వచ్చే లెక్క ఇదే.

విచిత్రమేమిటంటే పోటీ బంగ్లాకీ కూలీ లైనుకీ మధ్య లేదు. బంగ్లాకీ బంగ్లాకీ మధ్యే ఉంది. జేఈఈ ఫలితాలొచ్చిన రోజు కొన్ని ఇళ్లలో "నీకెంత?" తర్వాత ఊపిరి తీసుకునే లోపే "వాళ్లవాడికెంతట?" అన్న ప్రశ్న వస్తుంది. తమవాడికి తొంభై ఎనిమిది పర్సంటైల్ వచ్చినా, ఎదురింటి డాక్టరుగారమ్మాయికి తొంభై తొమ్మిది వస్తే ఆ పూట అన్నం సహించదు. దాయాది పోరు మనకు కొత్తదేం కాదు. మనిషి తనకు దగ్గరగా ఉన్నవాళ్లతోనే తనను కొలుచుకుంటాడని అమెరికన్ మనస్తత్వవేత్త లియాన్ ఫెస్టింజర్ 1954లో సిద్ధాంతమే రాశాడు. గుండాల, కరకగూడెం వైపు ఆశ్రమ పాఠశాలల్లో చదివే కోయపిల్లలు ఈ కొలతలోకే రారు. 2025 దసరాకు సింగరేణి పర్మినెంటు కార్మికుడికి లాభాల వాటా సగటున లక్షా 95 వేలు అందితే, కాంట్రాక్టు కార్మికుడికి ఇచ్చింది 5,500. ఆ ఇంటి పిల్లవాడి ర్యాంకు ఎంతని ఏ బంగ్లాలోనూ అడగరు.

అన్నీ ఉన్నచోట ఈ కుళ్లు ఎందుకంటే, అన్నీ ఉన్నా ఏదీ తమది కాదు కాబట్టి. పెద్ద ఆవరణ, మామిడిచెట్టు, క్లబ్బు, ఆస్పత్రికి వెళ్తే దొరికే మర్యాద, అన్నీ ఉద్యోగంతో వచ్చినవే. రిటైర్మెంటు వయసు 2021లో 61కి పెరిగింది. అంటే ఇంకో ఏడాది గడువు దొరికింది, అంతే. ఆ తర్వాత తాళాలు అప్పగించి కదలాల్సిందే. కార్మికుడి ఇంట్లో కనీసం ఒక ఆశ ఉంటుంది. 2016 చివర్లో ఇచ్చిన వారసత్వ ఉద్యోగాల నోటిఫికేషన్‌ను మరుసటి ఏడాది హైకోర్టు కొట్టేసినా, తర్వాత కారుణ్య నియామకాలు వచ్చాయి. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుకు బాయిలో మస్టర్ పడొచ్చు. జీఎంగారబ్బాయి మాత్రం నాన్న తర్వాత జీఎం కాలేడు. ర్యాంకు రాకపోతే ఆ అబ్బాయి దిగాల్సిన మెట్లు ఎన్నో తల్లిదండ్రులకు బాగా తెలుసు, వాళ్లలో చాలామంది ఆ మెట్లెక్కే పైకొచ్చారు మరి.

కింది మెట్టు మీద ఉన్నవాళ్లు దగ్గరికొస్తున్నారన్న కలవరం కూడా ఉంది. 2023లో 11వ వేజ్‌బోర్డు కార్మికులకు 19 శాతం పెంపు ఇచ్చాక, వాళ్ల జీతాలు తమ జీతాలను దాటుతున్నాయంటూ కోల్ ఇండియా అధికారులు కొందరు జబల్‌పూర్‌లో హైకోర్టు మెట్లెక్కారు. వాళ్ల వాదనలో న్యాయం ఉందా లేదా అన్నది వేరే చర్చ. ఆ మాటలు భోజనాల బల్ల దగ్గర పిల్లల చెవిన పడకుండా ఉంటాయా?

పదో తరగతి కాగానే ఈ పిల్లలు హైదరాబాదుకో విజయవాడకో చేరతారు. అక్కడ వారాంతపు పరీక్ష మార్కులను బట్టి సెక్షన్లు. పై సెక్షనుకు మంచి లెక్చరర్లు, కింది సెక్షనుకు మిగిలినవాళ్లు. క్వార్టర్ల టైపుల మధ్య పెరిగినవాళ్లకు ఇది వింతగా కూడా అనిపించదు. ఒకే ఊరివాళ్లు, ఒకే బడివాళ్లు నోట్సు దాచుకోవడం ఇక్కడే మొదలవుతుంది. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయొద్దని, అందరి ముందూ చిన్నబుచ్చొద్దని మార్గదర్శకాలిచ్చింది. కాలేజీలు ఎంతవరకు పాటిస్తాయో గానీ, ఇంటి వాట్సాప్ గ్రూపుకు అవి వర్తించవు.

పోల్చుకుని రగిలిపోవడం ఈ నేలకు కొత్త కాదు. 1969 జనవరిలో పక్కనే పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో "బయటివాళ్లకు ఉద్యోగాలేంటి, మాకు లేకపోవడమేంటి" అన్న స్థానికుల గోడే ఖమ్మంలో విద్యార్థి నిరాహారదీక్షగా, చూస్తుండగానే తెలంగాణ ఉద్యమంగా మారింది. ఆ కడుపుమంటను నలుగురూ పంచుకున్నారు, అందుకే వీధిలోకొచ్చి ప్రశ్నగా నిలబడింది. ఇప్పటి పిల్లవాడి మంట పంచుకోవడానికి వీల్లేనిది. పక్కనున్నవాడే ప్రత్యర్థి అయ్యాక ఎవరితో చెప్పుకుంటాడు?

కొత్తగూడెం స్కూల్ ఆఫ్ మైన్స్‌ను ప్రభుత్వం 2025లో మన్మోహన్‌సింగ్ పేరిట ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ చేసింది. ఈ ఊళ్లో గనులు నడిపిన ఇంజినీర్లను తయారుచేసిన కాలేజీ అది. అందులో సీటొస్తే బంగ్లోస్ ఏరియాలో స్వీట్లు పంచుతారా అన్నది నా అనుమానం. గనుల మీద చిన్నచూపుండి కాదు, ఎదురింటివాళ్లకు ఐఐటీ వస్తే ఏం చేయాలన్న బెంగతో.