చెవిలో హోరు.. కంచంలో ఉప్పు

మంచం మీద కదలకుండా పడుకున్నా గది మొత్తం గిర్రున తిరుగుతుంది. కళ్లు మూసుకున్నా ఆగదు. వాంతులవుతాయి. ఒక చెవి దిబ్బడ వేసి, లోపల హోరుమని మోత. ఇంట్లోవాళ్లు బీపీ చూస్తారు, పైత్యమని నిమ్మరసం ఇస్తారు. రెండు మూడు గంటలకు సర్దుకుంటుంది కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లడం వాయిదా పడుతుంది. కొన్ని వారాలకో, నెలలకో మళ్లీ అదే తంతు.

ఇది మీనియర్స్ డిసీజ్ కావచ్చు. ఇలాంటి తల తిప్పుడుకు మూలం మెదడులోనే కాదు, లోపలి చెవిలోనూ ఉండొచ్చని 1861లో పారిస్ వైద్యుడు ప్రాస్పర్ మీనియర్ చెప్పారు. ఆ పేరే జబ్బుకు స్థిరపడింది. లోపలి చెవిలో ఎండోలింఫ్ అనే ద్రవం ఉంటుంది. మనం వినడానికీ, తూలకుండా నిలబడటానికీ అది అవసరం. ఈ జబ్బులో ఆ ద్రవం ఎక్కువగా చేరి, లోపలి గొట్టాలు ఉబ్బుతాయి. ఒక్కో అటాక్ సాధారణంగా 20 నిమిషాల నుంచి 12 గంటల వరకూ ఉంటుంది. పక్క మీద ఒత్తిగిలినప్పుడు కొన్ని సెకన్లు తిరిగి ఆగిపోతే మాత్రం అది చాలావరకు వేరే సమస్య. దానికి ఉప్పు మానేసినా లాభం ఉండదు. అందుకే ముందు ఈఎన్‌టీ డాక్టరును కలిసి, వినికిడి పరీక్ష చేయించుకోండి. నిర్లక్ష్యం చేయొద్దని ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. మొదట్లో వస్తూ పోతూ ఉండే చెవుడు ఏళ్లు గడిచేకొద్దీ శాశ్వతమైపోవచ్చు.

ఇక ఉప్పు సంగతి. రోజుకు సోడియం 1,500-2,000 మిల్లీగ్రాములు దాటొద్దని వైద్యులు చెబుతుంటారు. ఒక టీస్పూను ఉప్పులోనే దాదాపు 2,300 మిల్లీగ్రాములు ఉంటుంది! ‘కూరలో తగ్గించేశామండీ’ అంటారు చాలామంది. పక్కనే ఆవకాయ జాడీ, పప్పులోకి అప్పడం, పెరుగన్నంలోకి ఊరమిరపకాయ. అసలు ఉప్పంతా అక్కడే ఉంది. మిక్చర్, చిప్స్, నూడుల్స్ మసాలా, వంటసోడా వేసిన బజ్జీలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఒక్కరికోసం చప్పిడి కూర విడిగా వండితే నాలుగు రోజులకే ఇద్దరికీ విసుగొస్తుంది. ఇంటిల్లిపాదికీ తక్కువ ఉప్పుతో వండి, కావలసినవాళ్లు కంచంలో కలుపుకోవడం నయం. నిమ్మకాయ, చింతపండు, జీలకర్ర, కొత్తిమీర ఉంటే ఉప్పు లోటు పెద్దగా తెలియదు. వారమంతా చప్పిడి తిని ఆదివారం బిర్యానీ, పచ్చళ్లతో కసి తీర్చుకోవడం మాత్రం వద్దు. సోడియం రోజూ ఒకే మోతాదులో ఉండాలి.

తక్కువ సోడియం అని అమ్మే ఉప్పులో చాలావాటికి పొటాషియం కలుపుతారు. కిడ్నీ సమస్య ఉన్నా, కొన్ని రకాల బీపీ మందులు వాడుతున్నా అది ప్రమాదం. డాక్టరును అడగకుండా కొనొద్దు.

కాఫీ, టీ తగ్గించండి. మద్యం, పొగ మానేయండి. వేళకు నిద్రపోండి. ఉప్పు, కాఫీ తగ్గిస్తే అటాక్‌లు ఆగుతాయని గట్టి రుజువులేమీ లేవు. అయినా ఖర్చులేని పని, బీపీకీ మంచిదే. ఓ చిన్న పుస్తకంలో ఏం తిన్నారో, ఎంతసేపు నిద్రపోయారో, అటాక్ ఎప్పుడొచ్చిందో రెండు మూడు నెలలు రాసి చూడండి. మీకు ఏది పడటం లేదో ఎవరో చెప్పేకన్నా అదే బాగా చెబుతుంది. డాక్టరుకూ చూపించండి. మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు. తిప్పుడును అణిచే మాత్రలను సొంతంగా నెలల తరబడి మింగొద్దు. తూలకుండా సర్దుకునే శక్తిని అవి మందగింపజేస్తాయి.

అటాక్ మొదలైతే ఉన్నచోటే కూర్చోండి లేదా పడుకోండి, కదలని వస్తువు మీద చూపు నిలపండి. బాత్‌రూమ్ గడియ వేసుకోవద్దు. అటక సర్దడానికి స్టూలెక్కొద్దు. బండి నడపడం గురించి డాక్టరును అడిగి తేల్చుకోండి.

తల తిప్పుడుతో పాటు మాట తడబడినా, మూతి వంకర పోయినా, చెయ్యి, కాలు పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనిపించినా అది పక్షవాతం కావచ్చు. తగ్గుతుందేమోనని చూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.