గోరంత గుణం, కొండంత పాత్ర

ఏళ్ల తరబడి సాగిన హాస్య సీరియల్‌ను మొదటినుంచీ వదలకుండా చూసినవాళ్లకు ఒక సంగతి ఇట్టే తెలిసిపోతుంది. మొదటి ఏడాది కాస్త అమాయకంగా కనిపించిన మనిషి అయిదో ఏడు వచ్చేసరికి వట్టి తెలివితక్కువ దద్దమ్మ అయిపోతాడు. ఇల్లు శుభ్రంగా ఉంచుకునే అమ్మాయి దుమ్ము కనిపిస్తే నిద్రపోని మనిషిగా మారుతుంది. ఎన్నో గుణాలతో పుట్టిన పాత్రలో ఒకే ఒక్క గుణం పెరిగి పెరిగి మిగతావాటిని మింగేస్తుంది. దీని వెనక ఎవరి చేయి ఉంది? మిగతావాళ్లు ఆపలేకపోయిన చోట కొందరు ఎలా ఆపగలిగారు? ఆ విశేషాలు ఇవి.

పొరుగింటి మంచి మనిషి

ఈ జబ్బుకు అమెరికా టీవీ అభిమానులు పెట్టిన పేరు 'ఫ్లాండరైజేషన్'. 'ది సింప్సన్స్' కార్టూన్ సీరియల్‌లో హోమర్ సింప్సన్ పొరుగింటాయన నెడ్ ఫ్లాండర్స్ పేరు మీదుగా వచ్చింది. 1989 డిసెంబరులో వచ్చిన మొట్టమొదటి ఎపిసోడ్‌లోనే ఫ్లాండర్స్ ఉన్నాడు. అప్పట్లో అతడు చక్కటి గృహస్థు. దైవభక్తి ఉంది, దానితోపాటు మంచి ఇల్లు, బుద్ధిమంతులైన పిల్లలు, సరదా కబుర్లు కూడా ఉన్నాయి. 1990లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో హోమర్‌ను తన ఇంటికి పిలిచి బీరు పోసి మర్యాద చేస్తాడు కూడా. హోమర్‌కు అతడంటే మంట పుట్టడానికి కారణం భక్తి కాదు, తనకు లేనివన్నీ అతడికి ఉండటం.

ఏళ్లు గడిచేకొద్దీ రచయితలు ఆ భక్తినే పట్టుకున్నారు. 1995లో అతడు సింప్సన్స్ పిల్లలకు హడావిడిగా బాప్తిస్మం ఇప్పించడానికి బయలుదేరతాడు. 1996లో తుపానుకు ఇల్లు కూలిపోతే, ఇంటికి బీమా లేదని తెలుస్తుంది. బీమా చేయించడం కూడా ఒక రకం జూదమేనని అతడి నమ్మకం. ఈ రెండూ విడివిడిగా మంచి హాస్యమే. అలాంటివి వందలకొద్దీ పేరుకున్నాక ఆ మర్యాదస్థుడైన పొరుగువాడు మాత్రం కనుమరుగైపోయాడు.

వయసు పెరగని ఊరు

'ది సింప్సన్స్' 750 ఎపిసోడ్లు దాటినా ఆ ఇంటి పిల్లల్లో బార్ట్‌కు ఇంకా పదేళ్లే, లీసాకు ఎనిమిదేళ్లే. కాలం కదలని కథలో మనుషులు ఎదగడానికి చోటుండదు, ఉన్న గుణం ముదరడానికే ఉంటుంది. తండ్రి హోమర్‌నే చూడండి. తొలినాళ్లలో అతడు కోపిష్టి అయినా కుటుంబం కోసం తాపత్రయపడే మధ్యతరగతి మనిషి. గొంతు ఇచ్చిన డాన్ కాస్టెలనెటా మొదట్లో వాల్టర్ మాథౌ అనే నటుడి స్వరాన్ని అనుకరిస్తూ బొంగురుగా పలికేవాడు. తర్వాత స్వరం మారింది, తెలివి తగ్గుతూ వచ్చింది, మొండితనం పెరుగుతూ వచ్చింది. 1997లో రచయితలే ఫ్రాంక్ గ్రైమ్స్ అనే ఒక మామూలు కష్టజీవిని హోమర్ పక్కన ఉద్యోగిగా తెచ్చి నిలబెట్టారు. హోమర్ లాంటి మనిషితో నిజజీవితంలో కలిసి పనిచేయడం ఎంత దుర్భరమో ఆ ఎపిసోడ్ సూటిగా చూపించింది. సొంత పాత్ర ఎక్కడికి చేరిందో సీరియల్ తానే తేల్చి చెప్పిన అరుదైన సందర్భం అది.

జాకెట్ వేసుకోవాలంటే బైకు ఉండాలి

1974లో ఏబీసీ చానెల్‌లో మొదలైన 'హ్యాపీ డేస్'లో ఫాంజీ చిన్న పాత్ర. కథ అంతా రిచీ కన్నింగ్‌హామ్ అనే కుర్రాడిది. తోలు జాకెట్ వేస్తే ఫాంజీ రౌడీలా కనిపిస్తాడని చానెల్‌వాళ్లు భయపడ్డారు. మోటార్ సైకిల్ పక్కన ఉన్నప్పుడు మాత్రమే వేసుకోవచ్చని షరతు పెట్టారు. నిర్మాత గ్యారీ మార్షల్ దానికి విరుగుడు కనిపెట్టాడు. ఫాంజీ ఉన్న ప్రతి సన్నివేశంలోనూ మోటార్ సైకిల్ ఉండేలా చూసుకున్నాడు.

మొదటి రెండు సీజన్లు సినిమాలాగా ఒకే కెమెరాతో, ప్రేక్షకులు లేకుండా తీశారు. మూడో సీజన్ నుంచి స్టూడియోలో జనాన్ని కూర్చోబెట్టి తీయడం మొదలైంది. హెన్రీ వింక్లర్ ఫాంజీగా తలుపు తీసుకుని లోపలికి రాగానే చప్పట్లు మోగేవి. ఇక ఫాంజీ చేయలేని పని లేకుండా పోయింది. గుద్దితే చాలు, పాటల పెట్టె పాడేది. 1977 సెప్టెంబరులో వచ్చిన ఎపిసోడ్‌లో అదే తోలు జాకెట్‌తో నీటి మీద స్కీయింగ్ చేస్తూ సొరచేప మీదుగా దూకాడు. మంచి సీరియల్ దారి తప్పిందనడానికి అమెరికన్లు ఇప్పటికీ ఆ దూకుడునే గుర్తు చేసుకుంటారు. అయితే ఆ తర్వాత కూడా 'హ్యాపీ డేస్' 1984 దాకా నడిచింది. 1980లో ఆ జాకెట్ స్మిత్‌సోనియన్ మ్యూజియం చేరింది. పాత్ర వికారంగా పెరిగినంత మాత్రాన జనాదరణ తగ్గదు. మార్పు చివరిదాకా ఎవరికీ పట్టకపోవడానికి అసలు కారణం ఇదే.

ఒక్క ఎపిసోడ్ కోసం వచ్చి ఇల్లే ఆక్రమించాడు

1989లో మొదలైన 'ఫ్యామిలీ మ్యాటర్స్' షికాగోలోని ఒక నల్లజాతి పోలీసు కుటుంబం కథ. స్టీవ్ అర్కెల్ అనే కళ్లద్దాల కుర్రాడు ఆ ఇంటి అమ్మాయికి జోడీగా ఒక్క ఎపిసోడ్‌లో వచ్చి వెళ్లాలి. జలీల్ వైట్ నటనకు పడిన నవ్వులు చూసి మళ్లీ పిలిచారు. ఊతపదం పుట్టింది, బొమ్మలు అమ్ముడయ్యాయి, ఆపైన సీరియల్ అర్కెల్‌దే అయింది. నాలుగో సీజన్ తర్వాత ఆ ఇంటి చిన్నమ్మాయి పాత్ర చెప్పాపెట్టకుండా మాయమైంది. అర్కెల్ మాత్రం రూపం మార్చే యంత్రం కనిపెట్టాడు, తనలాంటివాళ్లను తయారు చేశాడు, 1998లో చివరి ఎపిసోడ్లకల్లా అంతరిక్షానికే వెళ్లాడు. సాదాసీదా సంసారం కథ అక్కడికి చేరింది.

చప్పట్లు వద్దని చెప్పారు

'సైన్‌ఫెల్డ్' అనే హాస్య సీరియల్ బృందం ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టింది. క్రేమర్ అనే పాత్ర తలుపు తోసుకుని గదిలోకి దూసుకొచ్చినప్పుడల్లా స్టూడియోలో జనం చప్పట్లతో హోరెత్తించేవారు. అవి ఆగేదాకా మిగతా నటులు ఊరికే నిలబడాల్సి వచ్చేది, సన్నివేశం నడక దెబ్బతినేది. చివరికి చప్పట్లు కొట్టొద్దని ప్రేక్షకులను నిర్మాతలే కోరారు. 1989లో వచ్చిన మొదటి ఎపిసోడ్‌లో ఇదే పాత్ర పేరు కెస్లర్. అతడు మర్యాదగా తలుపు తట్టి మరీ లోపలికి వచ్చాడు.

లెక్కలు రాని అకౌంటెంట్

అమెరికన్ 'ది ఆఫీస్' 2005లో మొదలైనప్పుడు కెవిన్ నెమ్మదిగా మాట్లాడే మామూలు అకౌంటెంట్. అయిదో సీజన్‌కు ముందు, కొత్తగా చేరిన హాలీకి అతడు మానసిక ఎదుగుదల లేనివాడని సహోద్యోగి డ్వైట్ చెబితే ఆమె నమ్మేసింది. ఆ జోక్ బాగా పేలింది. 2013లో సీరియల్ ముగిసేసరికి, లెక్క కుదరనప్పుడల్లా సరిపెట్టడానికి లేని అంకెనొకదాన్ని సొంతంగా సృష్టించుకున్నాడని అదే కెవిన్ ఉద్యోగం పోయింది. ఇతరులు పొరపాటున అనుకున్నది చివరికి అతడి అసలు స్వభావమై కూర్చుంది.

'ఫ్రెండ్స్' జోయీదీ అదే దారి. 1994లో వచ్చిన తొలి ఎపిసోడ్‌లో దిగులుగా ఉన్న స్నేహితుడు రాస్‌కు లోకం తెలిసినవాడిలా ధైర్యం చెప్పింది జోయీయే. పదో సీజన్‌లో, 2004లో, స్నేహితురాలు ఫీబీ ఎంత నేర్పినా ఒక్క ఫ్రెంచి మాట కూడా పలకలేక నోటికొచ్చిన శబ్దాలు చేస్తాడు. పైగా అది ఫ్రెంచేనని నమ్ముతాడు.

రచయితల గదిలో ఏం జరుగుతుంది?

అమెరికా చానెళ్లలో ఒక సీజన్‌కు మామూలుగా ఇరవైకి పైగా ఎపిసోడ్లు రాయాల్సి వచ్చేది. ప్రకటనలు పోగా ఒక్కోదానికి మిగిలేది సుమారు 22 నిమిషాలు. అందులో ఆరేడుగురికి పని కల్పించాలి, నిమిషానికి రెండు మూడు నవ్వులు పండాలి. మనిషిని కొత్తగా పరిచయం చేసే తీరిక ఉండదు, కాబట్టి జనానికి తెలిసిన గుణాన్నే తాకుతారు. ఏళ్లు గడిచేకొద్దీ తొలి రచయితలు వెళ్లిపోతారు. కొత్తగా వచ్చినవాళ్లు పాత ఎపిసోడ్లు చూసి పాత్రను నేర్చుకుంటారు. వాళ్ల కంట పడేది బాగా నవ్వించిన ఘట్టాలే. నిరుడు నవ్వించిన మోతాదు ఈ ఏడు చాలదు, కాస్త పెంచాలి. గోరంతను కొండంత చేయాలని ఎవరూ కూర్చుని నిర్ణయించరు. ఒక్కో వారం ఒక్కో గోరంత కలుస్తుందంతే.

చీపురు సన్మానం

ఇంగ్లండులో పేరుమోసిన 'ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్'లో ట్రిగ్గర్ 1981లో తొలి ఎపిసోడ్‌లోనే దొంగసొత్తు బ్రీఫ్‌కేసులు అమ్మజూపే చిల్లర దొంగ. అంటే బేరం తెలిసినవాడు. 1996కల్లా అతడు ఒకే చీపురును ఇరవై ఏళ్లు వాడినందుకు సన్మానం పొందుతాడు. దానికి 17 సార్లు కుచ్చు, 14 సార్లు కర్ర మార్చిన సంగతి తానే గర్వంగా చెబుతాడు.

నటుడే చాలనుకున్నాడు

కొరియా యుద్ధకాలపు సైనిక వైద్యుల కథ 'మ్యాష్' 1972 నుంచి 1983 దాకా నడిచింది. యుద్ధం జరిగింది మూడేళ్లే, సీరియల్ పదకొండేళ్లు. అందులో మేజర్ ఫ్రాంక్ బర్న్స్ పాత్ర పిరికితనం, అసూయ తప్ప వేరే ఏమీ లేని బొమ్మగా మారిపోయింది. ఆ వేషం వేసిన లారీ లిన్‌విల్, పాత్రలో ఇక చేయడానికేమీ మిగల్లేదనుకుని, అయిదేళ్ల ఒప్పందం ముగియగానే 1977లో తప్పుకున్నాడు. అతడి స్థానంలో వించెస్టర్ అనే వైద్యుణ్ణి తెచ్చారు. గర్వం ఎంతుందో చేతిలో నైపుణ్యమూ, లోపల సంగీతమంటే ప్రేమా అంతున్న మనిషి. బర్న్స్‌కు జోడీగా ఎగతాళి పేరుతో మొదలైన నర్సు మార్గరెట్ హూలిహాన్ పాత్ర దీనికి పూర్తిగా ఎదురు నడిచింది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఎగతాళి పేరు వాడకం తగ్గింది, ఆమె బాధ్యత, ఒంటరితనం కథలోకి వచ్చాయి. ఒకే సీరియల్‌లో ఒక పాత్ర ఎండిపోయింది, ఇంకొకటి చిగురించింది.

పన్నెండుతో సరి

'ఫాల్టీ టవర్స్' బ్రిటన్ హాస్యానికి మకుటం లాంటిది. 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం పన్నెండే ఎపిసోడ్లు. అన్నీ జాన్ క్లీస్, కోనీ బూత్ కలిసి రాసినవే. హోటల్ యజమాని బేసిల్ మొదటినుంచీ అతిగానే ప్రవర్తిస్తాడు, అయినా చివరి ఎపిసోడ్‌లోనూ అతడు మొదటి ఎపిసోడ్‌లోని బేసిలే. రాసే చేతులు మారలేదు, సాగదీయడానికి వ్యవధీ లేదు.

వెనక్కి తిప్పినవాళ్లూ ఉన్నారు

'ది ఆఫీస్' మేనేజరు మైకేల్ స్కాట్ మొదటి సీజన్‌లో మొహం మొత్తించే మనిషి. ఆ సీజన్ ఆరు ఎపిసోడ్లే. రెండో సీజన్ నుంచి రచయితలు అతడి ఒంటరితనాన్నీ, అప్పుడప్పుడూ బయటపడే పనితనాన్నీ చూపించారు. ఆ పాత్రను జనం సొంతం చేసుకున్నారు. ఇదే రచయితల్లో ఒకరైన మైకేల్ షుర్ భాగస్వామిగా సృష్టించిన 'పార్క్స్ అండ్ రిక్రియేషన్'లోనూ అంతే. తొలి ఆరు ఎపిసోడ్లలో నవ్వులపాలైన కథానాయిక లెస్లీ నోప్, ఆ తర్వాత పని మీద ప్రాణం పెట్టే సమర్థురాలిగా నిలిచింది.

చనిపోయిన తండ్రి తిరిగొచ్చాడు

ఫ్రేజర్ క్రేన్ 1984లో 'చీర్స్'లో కొన్ని ఎపిసోడ్ల కోసం వచ్చిన మానసిక వైద్యుడు. డాబు ఎక్కువ. కెల్సీ గ్రామర్ ఆ వేషాన్ని 2004 దాకా ఇరవై ఏళ్లు వేశాడు. తన తండ్రి చనిపోయాడని 'చీర్స్'లో ఫ్రేజర్ చెప్పాడు. 1993లో సొంత సీరియల్ మొదలైనప్పుడు రిటైరైన పోలీసు తండ్రి అతడితోనే ఉండటానికి వచ్చాడు. అప్పట్లో ఇద్దరికీ గొడవై అలా చెప్పానని తర్వాత ఫ్రేజరే ఒప్పుకున్నాడు. డాబుసరి మనిషికి ఎదురుగా సూటిగా మాట్లాడే తండ్రిని కూర్చోబెట్టడంతో ఆ డాబు వెనక ఉన్న కొడుకు కనిపించాడు.

మన అమృతం

తెలుగులో గుణ్ణం గంగరాజు 'అమృతం' 2001 నుంచి 2007 వరకు జెమినీ టీవీలో 300కు పైగా ఎపిసోడ్లు నడిచింది. అమృతరావు వేషం శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ముగ్గురూ వేశారు. అయినా కథకు అడ్డం రాలేదు. ప్రతివారం కొత్త ఆలోచన, బోల్తా, మళ్లీ మొదటికి. పక్కన గుండు హనుమంతరావు ఆంజనేయులుగా చివరిదాకా నిలబడ్డారు. అమృతరావుకు ఆశ ఎంత ముదిరినా, అమృత విలాస్ హోటల్ నడవాలి, ఇంటి యజమాని అప్పాజీకి అద్దె కట్టాలి అన్న బతుకు బరువు కథలోనే ఉంది. మన మధ్యతరగతి ఇళ్లు ఆ సీరియల్‌ను ఇప్పటికీ తలచుకోవడానికి ఆ బరువే కారణమని నా నమ్మకం.

పుట్టుకతోనే బొమ్మలు

అతి చేసే పాత్రలన్నీ చెడ్డవి కావు. మన తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తరతరాలుగా అదే అల్లరి చేస్తున్నారు. పదహారో శతాబ్దంలో ఇటలీ వీధి నాటకాల్లో పిసినారి పాంటలోన్, తిండిపోతు సేవకుడు ఆర్లెకీనో ముసుగులతోనే వచ్చేవారు. వాళ్లు పుట్టుకతోనే బొమ్మలు, ఎదుగుతామని ఎవరికీ మాట ఇవ్వలేదు. హాస్య సీరియల్ పాత్ర మనిషిగా మన ఇంట్లోకి వస్తుంది, మనం మనిషిగానే ప్రేమిస్తాం. అందుకే అది బొమ్మగా మారినప్పుడు నష్టపోయామనిపిస్తుంది.

చివరిగా ఒక మాట. పాత్రను బొమ్మగా మార్చేది ఒక్క రచయిత కాదు. మన నవ్వు ఎటు మొగ్గితే కలం అటే పోతుంది. వించెస్టర్, హూలిహాన్, ఫ్రేజర్ నిలిచింది నవ్వు పుట్టించని గుణాలను కూడా వాళ్ల రచయితలు వదులుకోకపోవడం వల్ల. కాబట్టి మీకు నచ్చిన సీరియల్ తొలి ఎపిసోడ్‌నూ చివరి ఎపిసోడ్‌నూ ఒకే రోజు చూడండి. ఆ మనిషి ఇంకా అందులో ఉంటే ఆ రచయితలను మెచ్చుకోండి. మన దగ్గర సీరియళ్లు రాసే యువతీయువకులకు నాదొక విన్నపం: మీ పాత్రకున్న ఒక్క నవ్వించే గుణంతో పాటు, నవ్వించని రెండు గుణాలను కూడా చివరి ఎపిసోడ్ దాకా బతికించండి.