చలేస్తే... వాచీకి తొందర!

చలికి మనం ముడుచుకుపోతాం. అడుగు తీసి అడుగు వేయాలంటే బద్ధకం. మరి కీ ఇచ్చే వాచీకి చలేస్తే? నెమ్మదిస్తుందనే అనుకుంటాం. కానీ చాలాసార్లు అది పరుగెడుతుంది! ఆ కాస్త తొందరే ఒకప్పుడు నావికుల ప్రాణాల మీదికి తెచ్చేది.

అది 1916 ఏప్రిల్ 24. అంటార్కిటికాకి చేరువలోని ఎలిఫెంట్ దీవి. 'ఎండ్యూరెన్స్' ఓడ మంచులో నలిగి మునిగిపోయి అప్పటికి ఐదు నెలలు. 22 మందిని దీవిలో ఉంచి, సాయం తేవడానికి షాకిల్టన్ మరో ఐదుగురితో చిన్న పడవలో బయల్దేరారు. చేరాల్సిన సౌత్ జార్జియా దీవి 1,300 కిలోమీటర్లకు పైనే. దారి చూపాల్సింది కెప్టెన్ ఫ్రాంక్ వర్స్‌లీ. ఆయన ఆశంతా ఒక్క గడియారం మీదే. 24 గడియారాలతో బయల్దేరితే సరిగ్గా నడుస్తూ మిగిలింది అదొక్కటే!

దారికీ గడియారానికీ సంబంధమేంటంటారా? సూర్యుణ్ని బట్టి తామున్న చోట వేళ ఎంతో నావికులకు తెలుస్తుంది. దాన్ని గడియారం చూపించే గ్రీనిచ్ సమయంతో పోలిస్తే, తూర్పు పడమరల్లో ఎక్కడున్నారో తేలుతుంది. గడియారం నాలుగు సెకన్లు తప్పితే భూమధ్యరేఖ దగ్గర లెక్క దాదాపు 1.85 కిలోమీటర్లు తప్పినట్టే. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది కానీ, పొరపాటు రోజురోజుకీ పేరుకుంటుంది.

వెంట్రుకంత స్ప్రింగు

వాచీకి గుండెలాంటిది బ్యాలెన్స్ వీల్. దాన్ని అటూ ఇటూ ఊపేది సన్నటి హెయిర్ స్ప్రింగ్. చలికి ఉక్కు స్ప్రింగు గట్టిపడుతుంది. చక్రమూ రవ్వంత కుంచించుకుంటుంది. దాంతో ఊపు వేగం పెరుగుతుంది. ఏ సర్దుబాటూ లేని పాతకాలం వాచీ ఒక్క డిగ్రీ చలి పెరిగితే రోజుకి సుమారు 11 సెకన్లు ముందుకెళుతుంది. పది డిగ్రీలైతే దాదాపు రెండు నిమిషాలు! మరీ గడ్డకట్టే చలైతే లోపలి నూనె చిక్కబడుతుంది. అప్పుడు నడక గాడి తప్పుతుంది, ఒక్కోసారి వాచీ ఆగిపోతుంది కూడా.

ఈ తంటాకి 18వ శతాబ్దంలోనే ఇంగ్లండుకి చెందిన జాన్ హారిసన్ ఓ ఉపాయం కనిపెట్టారు. ఇత్తడి, ఉక్కు పట్టీలను జోడిస్తే వేడికీ చలికీ ఆ జంట వంగుతుంది. ఆ వంపుతోనే స్ప్రింగు తేడాను సరిచేశారు. అసలైన మందు మాత్రం స్విట్జర్లాండులో వాచీల కుటుంబంలో పుట్టిన చార్లెస్ ఎడ్వర్డ్ గియోమ్ చలవే. నికెల్, ఇనుము కలిపి ఆయన తయారుచేసిన 'ఇన్వార్' వేడికి పెద్దగా వ్యాకోచించదు. తర్వాత వచ్చిన 'ఎలిన్వార్'తో చేసిన స్ప్రింగులు చలికి దాదాపు గట్టిపడవు. ఈ లోహ మిశ్రమాల పరిశోధనకే 1920లో ఆయనకి భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది.

ఒంటి వెచ్చదనమే మందు

మీ బీరువాలో తాతగారి హెచ్.ఎం.టి. ఉందా? రాత్రంతా చల్లటి బల్లమీద పెడితే నాలుగైదు సెకన్ల తేడా రావొచ్చు, కంగారుపడకండి. రోజూ ఒకే వేళకి కీ ఇవ్వండి. నూనె ఎండిపోకముందే సర్వీసింగ్ చేయించండి. అన్నిటికన్నా ముఖ్యం... చేతికి పెట్టుకోండి. మణికట్టు వేడి వాచీని ఒకే తీరులో నడిపిస్తుంది.

వర్స్‌లీ చేసిందీ అదే. గడియారం వెచ్చగా ఉండాలని మెడకు కట్టుకుని, స్వెట్టర్ లోపల దాచుకున్నారు. మే 10న పడవ ఒడ్డు చేరింది. ఆగస్టు 30న దీవిలోని 22 మందీ ప్రాణాలతో బయటపడ్డారు!