మీకు తెలుసా? పది శాతం రాయితీ నిజానికి పది శాతం కాదు!

ఘాజియాబాద్‌కు సముద్రం లేదు గానీ, విహార నౌకల కంపెనీలు పాత ప్రయాణికులకు చూపించే తాయిలాల లెక్క అక్కడి రైల్లోనూ ఉంది. 2023 అక్టోబరులో సాహిబాబాద్ నుంచి దుహాయ్ డిపో వరకు 17 కిలోమీటర్లతో మొదలైన నమో భారత్ రైలుకు 2024 డిసెంబరులో లాయల్టీ పాయింట్లు వచ్చాయి. యాప్‌లో టికెట్ కొంటే రూపాయికో పాయింటు, పాయింటుకు పది పైసలు. చూడగానే పది శాతం తగ్గింపే అనిపిస్తుంది. కానీ వంద రూపాయలు ముందు కట్టాలి, పది రూపాయలు తర్వాతి టికెట్‌లో కలుస్తాయి. అంటే 110 రూపాయల ప్రయాణానికి వంద కట్టినట్టు, అసలు రాయితీ 9.1 శాతం.

ఇంత చిన్న తేడాకు ఇంత లెక్కెందుకు అనొచ్చు. నిజమే, రోజూ మీరట్ వైపు వెళ్లొచ్చే ఉద్యోగికి అది లెక్కలోకి రాదు. మళ్లీ ఎక్కనివారికి మాత్రం ఆ పది రూపాయలూ సున్నాయే. నౌకల్లో ఈ మెలిక ఇంకా ముదురుతుంది. ఓడలో ఖర్చుకని ఇచ్చే క్రెడిట్‌లో చాలావరకు నగదుగా తిరిగి రాదు, ప్రయాణం ముగిసేలోగా వాడకపోతే పోయినట్టే. దాన్ని ఖర్చు చేయాలని అక్కర్లేని స్పా మసాజ్‌కు పైన నాలుగు డబ్బులు వేసి కొంటే లాభపడింది కంపెనీయే. టిప్పులకో, ముందే అనుకున్న తీరవిహారానికో మళ్లిస్తే అది మన డబ్బే. కాబట్టి బుక్ చేసేముందు క్రెడిట్ వేటికి చెల్లుతుందో అడిగి రాయించుకోండి.