రైతు తన యింటికి నిలుపుకొనవలసిన పంట

పరిటాలలో మేము విత్తనములను గూర్చి చెప్పునపుడు రైతులు శ్రద్ధగా విందురు. దేహారోగ్యమును గూర్చి చెప్పినచో “పొద్దస్తమానము పొలములో నుండువారికి వ్యాయామ మేల?” యని నవ్వుదురు. ఈ మాట మునుపు సత్యమే. నేడు అరకకు బదులు ట్రాక్టరు వచ్చినది. పొలమునకు మోటారుసైకిలుపై పోవుచున్నాము. మిరప కోతయు, ప్రత్తి తీతయు కూలివారు చేయగా ఆసామి గట్టున నిలుచుండును.

మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు పట్టణవాసుల వ్యాధులని తలచుట పొరపాటు. గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో 2003–04లో మరణకారణములను విచారింపగా, నూటికి 32 మరణములు గుండె, రక్తనాళముల వ్యాధులవలన గలిగినట్లు తేలినది. ఇంటి యజమానికి పక్షవాతము వచ్చిన యేడు సాగు నిలిచి, సంఘపు అప్పు వాయిదా తప్పిన కుటుంబములను మేమెరుగుదుము.

ఇక మన కంచమును జూతము. నందిగామ, జగ్గయ్యపేట మెట్టలలో పూర్వము జొన్నయే ముఖ్యాహారము. నేడు కందులు, పెసలు పండించు రైతే వానిని కాటాకు పంపి, తెల్లబియ్యపు టన్నములో పచ్చడి కలుపుకొని తినుచున్నాడు! మరపట్టి తెల్లగా జేసిన బియ్యమునుండి తవుడుతోగూడ పీచును, విటమినులును పోవును. బెరిబెరి వ్యాధికిని బియ్యమునకును గల సంబంధమును గూర్చి కూనూరులో మెకారిసన్ మున్నగువారు నూరేండ్ల క్రిందటనే పరిశోధించిరి. నేడు బెరిబెరి యరుదు. అన్నపు రాశి మాత్రము తగ్గలేదు. శ్రమ తగ్గిన దేహములో ఆ పిండిపదార్థము క్రొవ్వుగా నిలువయగును.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనల ప్రకారము దినమునకు 85 గ్రాముల పప్పుదినుసులు, లేదా వానికి బదులు కొంత గుడ్డు, మాంసము కావలెను. అనగా మనిషికి ఏటికి 31 కిలోలు. నలుగురు పెద్దలున్న యింటికి సుమారు క్వింటాలుంబావు. ఇంత మొత్తమును అమ్మకమునకు ముందే వేరుగా గాదెలో పోయుడు. నల్లరేగడిలో కొన్ని సెంట్లు మాఘీజొన్న వేసినచో, ఒకపూట రొట్టెకు గింజయు, పశువులకు చొప్పయు దక్కును. అయితే జొన్నయైనను మితము తప్పరాదు.

ఉప్పు దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు, మించరాదు. ఆవకాయ మానుడని చెప్పుటకు మాకు నోరు రాదు. మూడుపూటలు అదియే కూర యగుటయే చిక్కు.

వారమునకు 150 నిమిషముల చురుకైన నడక కావలెను. నడచునపుడు కండరములు రక్తములోని చక్కెరను వినియోగించుకొనును. పొలము రెండు కిలోమీటర్ల దూరమున నున్నవారు వారమున కైదుదినములు బండి నింట విడిచిన చాలును.

రక్తపుపోటు తరచుగా ఏ బాధయు దెలియనీయక ముదురును. కావున 30 ఏండ్లు దాటినవారు సమీపపు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములో పరీక్ష చేయించుకొనవలెను. మందు వాడుచున్నవారు రొట్టె తినుచున్నామని మాత్రలు మానరాదు. వైద్యుని యడిగియే మార్చుకొనవలెను.