కుక్క మెడమీద నాలుగు చుక్కలు

1910వ సంవత్సరమున మద్రాసులో ప్యాటన్ అను శాస్త్రజ్ఞుడు వేటకుక్కల నెత్తురును సూక్ష్మదర్శినితో పరిశీలించుచుండగా ఎర్రకణముల లోపల మిక్కిలి చిన్న జీవులు కనబడినవి. ఆ జాగిలములు మద్రాసు హంటు అను దొరల వేటసంఘము వారివి. పిమ్మట నక్క నెత్తురులోను అవియే కనబడెను. ఆ జీవికి నేటి పేరు బేబీషియా గిబ్సోని. అప్పటికి మన తెలుగు జిల్లాలకును మద్రాసే రాజధాని; కావున ఈ వ్యాధి మనకు పరాయిది కాదు.

దీనిని మోసికొని తిరుగునది పిడుదు. రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో 1897లో దోమ గుట్టు విప్పుటకు నాలుగేండ్ల ముందే, అమెరికాలో థియొబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అనువారు పశువుల టెక్సాసు జ్వరము పిడుదుల వలన ప్రాకునని నిరూపించిరి. పిడుదు కీటకము కాదు, సాలెపురుగునకు చుట్టము. గ్రుడ్డు విడిచినపుడు ఆరు కాళ్లు, పిదప ఎనిమిది. మన యిండ్లలోని గోధుమవన్నె పిడుదు జీవితములో మూడుమారులు మాత్రమే కుక్కను పట్టును. తక్కిన కాలమంతయు గోడ బీటలలోనే దాగియుండును. కడుపునిండిన ఆడుపిడుదు అచ్చటనే వేలకొలది గ్రుడ్లు పెట్టును.

కుక్క అన్నము ముట్టదు, ఒళ్లు కాలును, చిగుళ్లు పాలిపోవును. ఎండదెబ్బయని యింటివారు ఊరకుందురు. మూత్రము నల్లబడినపుడో, ముక్కునుండి నెత్తురు కారినపుడో పశువైద్యుని యొద్దకు పరుగెత్తుదురు. అప్పటికి తరచు ఆలస్యమగును. ముక్కున నెత్తురు కార్చు ఎర్లీషియా అను రెండవ వ్యాధిక్రిమిని 1935లో అల్జీరియాలో గుర్తించిరి. వియత్నాం యుద్ధములో అమెరికా సైన్యపు జాగిలములను వందలకొలది పొట్టన పెట్టుకొన్నది అదియే.

1990 దశకమున ఫిప్రోనిల్ చుక్కలు వచ్చినవి. వెండ్రుకలు పాయదీసి, కుక్క నాకజాలని చోట, మెడ వెనుక చర్మముపై వేయవలెను. మందు చర్మపు జిడ్డుతో కలిసి ఒళ్లంతయు ప్రాకి, జిడ్డుగ్రంథులలో నిలువయై సుమారు ఒక నెల పనిచేయును. అందుకే వేయుటకు ముందు రెండు దినములు, తరువాత రెండు దినములు స్నానము కూడదు. అది పిడుదు నాడులను అదుపు తప్పించును. కుక్క నాడులపై దానికి అంతటి పట్టు లేదు.

అయితే ఈ మందు పిడుదును రానీయక ఆపదు, వచ్చినదానిని చంపును. అదియును ఒకటి రెండు దినములకు గాని పూర్తికాదు. ఇచ్చటనే పందెమున్నది. బేబీషియా కాటునుండి కుక్కలోనికి దిగుటకు సాధారణముగా ఒకటి రెండు దినములు పట్టును గనుక మందు చాలమారులు గెలుచును. ఎర్లీషియాకు కొన్ని గంటలు చాలును. కావున మందు వేసినను సాయంకాలము చెవుల లోపల, వ్రేళ్ల సందున వెదకుట తప్పదు. దొరికిన పిడుదును వ్రేళ్లతో నలుపరాదు. చిన్న పట్టకారుతో చర్మమునకు దగ్గరగా పట్టి నిలువుగా లాగవలెను.

పెర్మెత్రిన్ చుక్కలు పిడుదును కరువనీయక తరుమును. కాని పిల్లి కాలేయమునకు దానిని విరిచివేయు శక్తి చాలదు. కుక్క మందు పిల్లికి వేసినచో ప్రాణమే పోవచ్చును. పశువులశాలలో మిగిలిన మందును కుక్కకు పూయుటయు ఇట్టి తెగింపే. మోతాదు కుక్క తూకమును బట్టి పశువైద్యుడు నిర్ణయింపవలసినది. ఎనిమిది వారములు నిండని కూనకు ఫిప్రోనిల్ తగదు.

ఇక కుక్క పడుకొను గోనెపట్టాను వేడినీట ఉతికి, గోడ బీటలను పూడ్చవలెను. లేనిచో ఈ నెల పెట్టిన గ్రుడ్లనుండి వెలువడిన పిల్లలు, మందు బలము తగ్గిన వచ్చే నెలలో, ఆ కుక్కనే వెదకికొని వచ్చును.